బుడ్డోడి గొంతు

టీవీలో బిస్కెట్ కావాలని మారాం చేసే పిల్లాడున్నాడే, ఆ గొంతు పిల్లాడిది కాదు. సబ్బు రుద్దించుకోనని ఇల్లంతా పరుగులు తీసేవాడిదీ కాదు. అవన్నీ ఒక ఆవిడ గొంతులు. పెళ్ళయి, ఏడేళ్ళ కూతురున్న ఆవిడ. నిజం పిల్లల్ని మైకు ముందు నిలబెడితే నాలుగు మాటలకే ఆకలంటారు, ఆ తర్వాత అమ్మ కావాలని ఏడుపు లంకించుకుంటారు. అందుకని ఇలాంటి పెద్దవాళ్ళతో కానిచ్చేస్తారు. స్టూడియోలో ఆమెను అసలు పేరుతో పిలిచినవాడు లేడు, అందరికీ ఆమె 'బుడ్డోడే'. సౌండు చూసుకునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, ఆయన ఊరందరికీ బాబాయే. ఆమె గడపలో కాలు పెట్టగానే "ఏరా బుడ్డోడా, బువ్వ తిన్నావా?" అనేవాడు. ఈవిడేం తక్కువా! "తిన్నా బాబాయ్, ఇంకా ఆకలేత్తోంది" అని ముద్దుముద్దుగా ఆ గొంతుతోనే జవాబిచ్చి, చెప్పులు బయట విడిచి, గోడలకి మెత్తలు కుట్టిన ఆ గదిలోకి వెళ్ళేది.

ఆ గదిలోకి గరగరలాడే బట్టలతో వెళ్ళకూడదు, తాళాలగుత్తి తీసుకెళ్ళకూడదు, కడుపు గుర్రుమన్నా మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే. ఆమె మడమలు ఎత్తి మునివేళ్ళ మీద నిలబడి, గడ్డం కింద వేలితో నొక్కి పట్టిందంటే చాలు, ఎక్కడున్నాడో ఏమో, ఒక మగపిల్లాడు ఆ గొంతులోంచి ఊడిపడేవాడు. అయితే ఆమెకో అలవాటు ఉంది. ఎదురుగా ఎవరో ఒకరు నిలబడి ఎదుటి పాత్ర మాట అందిస్తేనే ఆమెకి మాట పండుతుంది. కాగితం చూసి ఒంటరిగా చెప్పుకుంటే చప్పగా వస్తుంది. అందుకే ఏ ప్రకటన వచ్చినా ముందు ఇంట్లో కూతుర్ని ఎదురుగా నిలబెట్టి సాధన చేసేది. కూతురికి అదొక ఆట. తల్లికి అదొక మురిపెం. ఇంతకంటే హాని లేని అలవాటు ఇంకొకటి ఉంటుందా చెప్పండి!

ఆ పిల్ల గురించి రెండు ముక్కలు చెప్పాలి. తండ్రి క్రేను నడుపుతాడు. కడుతున్న మేడల కంటే ఎత్తున, అద్దాల గూడు లాంటి చిన్న గదిలో పొద్దస్తమానం కూర్చుంటాడు. అంత ఎత్తుకి కింద అరిచే అరుపు వినపడదు. కింద నిలబడ్డ మనిషి చేతులతో సైగ చేయాలి, పైనున్నాయన దాన్ని బట్టి బరువు ఎత్తాలి, దించాలి. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే ఎత్తమని, వేలు కిందికి చూపించి తిప్పితే దించమని, అరచేయి కిందికి పెట్టి చెయ్యి అడ్డంగా ఊపితే ఆపమని. ఈ పిల్లకి మాటలు సరిగ్గా రాకముందే ఈ సైగలు వచ్చాయి. భోజనాల దగ్గర కూర్చుందంటే నోరు విప్పేది కాదు. వేలు కిందికి తిప్పిందంటే ఇంకొంచెం వడ్డించమని. చెయ్యి ఊపిందంటే చాలని. తండ్రి గుమ్మంలో చెప్పులు విప్పుతూ రెండు చేతులూ చాచేవాడు, పిల్ల దూరంగా నిలబడి వేలు పైకి తిప్పేది. ఆయన బుస్సుమని చప్పుడు చేస్తూ కిందికి వంగి పిల్లని మెల్లగా పైకెత్తేవాడు. "ఎత్తు, ఎత్తు... ఇంకా ఎత్తు, ఆపు!" అన్నీ వేళ్ళతోనే. ఆయన ఆ పిల్లని 'మేస్త్రీ' అని పిలిచేవాడు.

"మేస్త్రీగారూ, పెద్దయ్యాక నా పక్కన కూర్చుంటారా?" అని అడిగితే, మేస్త్రీగారు మూతి తిప్పేవారు.

"పక్కన కాదు. నీ సీట్లో."

"మరి నేనో?"

"నువ్వు కిందుండి చేతులూపు."

ఈ మాటకి ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, పనిలో దొరికినవాడికల్లా చెప్పుకునేవాడు. ఏ తండ్రికుంటుంది అంత అదృష్టం!

అలాంటి ఇంటికి వచ్చిపడింది ఆ బొమ్మ క్రేను ప్రకటన. రాసినవాడెవడో గానీ వాడి కలం విరగ! ఇసకలో ఒక పిల్లాడు పచ్చరంగు క్రేనుతో ఆడుతుంటాడు. పక్కనుంచి ఒక ఆడపిల్ల వచ్చి "నేనూ ఆడనా?" అంటుంది. పిల్లాడు "పో, ఇది మగాళ్ళ పని! నువ్వెళ్ళి బొమ్మకి జడ వేసుకో!" అని పకపకా నవ్వుతాడు. ఆడపిల్ల తలదించుకుని బొమ్మని ఎత్తుకుని వెళ్ళిపోతుంది. చివర్లో ఒక బండగొంతు "గట్టి కుర్రాళ్ళకి గట్టి క్రేను" అంటుంది. ఇంతే. చిటికెలో అయిపోతుంది.

ఆమె కాగితం చదివి ఒక్క క్షణం మొహం చిట్లించిందేమో, అంతే. ఇలాంటివి బోలెడు చెప్పింది. వంటసామాను బొమ్మలు ఆడపిల్లలకి, తుపాకులు మగపిల్లలకి, గులాబీ రంగు ఇటు, నీలం రంగు అటు. పనికి వెళ్ళిన మనిషి ప్రతి ముక్కనీ పట్టుకుని తూకం వేస్తూ కూర్చుంటే రేపు పిలిచేవాడుంటాడా? పైగా ఇది క్రేను. ఇంట్లో మేస్త్రీ ఎగిరి గంతేస్తుందని ఆమెకి లోపల సంతోషం కూడా. ఆ సాయంత్రమే కూతుర్ని ఎదురుగా నిలబెట్టింది.

"నేనూ ఆడనా?" అంది కూతురు, చేతులు కట్టుకుని.

తల్లి మడమలెత్తింది, గడ్డం నొక్కింది. "పో, ఇది మగాళ్ళ పని! నువ్వెళ్ళి బొమ్మకి జడ వేసుకో!"

"ఏడిశావ్‌లే! ముందు ఆ కొక్కెం సరిగ్గా తగిలించడం నేర్చుకో. బరువు పడితే నెత్తి పగులుద్ది!" అంది మేస్త్రీ తడుముకోకుండా.

తల్లికి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు, అదిగో, ఆ పాడు మాట అంది.

"అట్లా కాదు బంగారం. ఇక్కడ నువ్వు ఏమీ అనకూడదు. తలదించుకోవాలి."

"ఎందుకు?"

"కాగితంలో అట్లాగే ఉంది. నువ్వు తల దించితేనే నాకు నవ్వు సరిగ్గా వస్తుంది."

"నాకు జవాబు వచ్చు కదా!"

"వచ్చులే. వచ్చినా అనకూడదు. ఏదీ, ఇంకోసారి."

పిల్ల ఇంకోసారి నిలబడింది. మొదట్లో తల దించబోయి కిసుక్కున నవ్వేది. తల్లి "ఊహూఁ, నిజంగా సిగ్గుపడాలి, ఏడుపు రాబోతున్నట్టు" అని గడ్డం పట్టుకుని వంచి చూపించింది. వారం తిరిగేసరికి పిల్లకి అది ఎంత బాగా వచ్చేసిందంటే, తల్లి ఆ మాట అనీ అనకముందే తల వాలిపోయేది. తల్లి మెచ్చుకుని ముద్దు పెట్టుకునేది. ఆ ముద్దులు తలుచుకుని తర్వాత ఆమె ఎంత ఏడ్చిందో నేను చెప్పలేను.

రికార్డింగు నాడు ఒక్క విడతలో అయిపోయింది. ప్రకటన తీయించే ఏజెన్సీ ఆయన ఆకాశానికెత్తేశాడు. "ఆ నవ్వుందే మేడమ్, ఆ నవ్వు! అచ్చం మా వీధిలో పిల్లాడే" అన్నాడు. పోతూపోతూ ఒక బొమ్మ క్రేను పెట్టె చేతిలో పెట్టి "ఇంట్లో బాబుకివ్వండి" అన్నాడు. "బాబు కాదండీ, పాప" అని ఆమె అంటే, "అరెరె, ఎవరికైనా ఇచ్చేద్దురులే" అని లిఫ్టు ఎక్కేశాడు.

ఆ పెట్టెని వెంటనే ఇవ్వలేదు ఆమె. ప్రకటన టీవీలో వచ్చిన రోజున ఇద్దామని బీరువా మీద దాచిపెట్టింది. వచ్చింది. మొదటిసారి ముగ్గురూ కలిసే చూశారు. "మా అమ్మే, మా అమ్మే!" అని పిల్ల సోఫా మీద గెంతింది. తండ్రి మాత్రం నవ్వలేదు. తల గోక్కుని, "ఇదేంటే, ఇట్లా రాశారు?" అన్నాడు. "ప్రకటన కదండీ, అట్లాగే ఉంటాయి" అంది ఆమె. పిల్ల ఆ పెట్టె విప్పి, కూర్చున్న చోటు నుంచి లేవకుండా భాగాలన్నీ బిగించేసింది. ఆ రాత్రికి ఇంట్లో ఉప్పు డబ్బా దగ్గర్నుంచి తండ్రి బూటు దాకా అన్నీ గాల్లోకి లేచి దిగాయి.

ఆ తర్వాత ఆ ప్రకటన వదిలితేనా! కార్టూను మొదలైతే అది, మధ్యలో అది, అయిపోతే అది. అంత ఇష్టంగా బిగించుకున్న క్రేను ఒకరోజు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఏ భాగానికి ఆ భాగం విప్పి, అట్టముక్కల మధ్య సర్ది, పైన టేపు కూడా అంటించింది పిల్ల. తల్లి చూసి, ఆ ఆట మొహం మొత్తిందేమో అనుకుంది. తండ్రి గుమ్మంలో చేతులు చాస్తే, "నాన్నా, నాకు హోంవర్కుంది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన చాచిన చేతులు ఏం చేయాలో తెలియక గోడకున్న మేకుని సరిచేశాడు.

"ఒంట్లో బాగోలేదేమోనే" అన్నాడు.

"బడిలో ఏదో జరిగి ఉంటుంది, కనుక్కుంటాలెండి."

కనుక్కుంది. ఎందుకు కనుక్కున్నానా అని ఏడ్చేటట్టు కనుక్కుంది. మర్నాడు పని తొందరగా ముగించుకుని బడికి వెళ్ళింది. బడి పక్కనే ఏదో గది కడుతున్నారు, మూలన ఇసక పోసి ఉంది. పిల్లలంతా బస్సు వచ్చేదాకా అక్కడే ఆడుకుంటారు. అంతకుముందు ఆ ఇసక కుప్పకి రాణి ఎవరంటే మేస్త్రీయే. ఎవరు ఎక్కడ తవ్వాలో, ఏ కర్ర ఎటు తిప్పాలో అన్నీ ఆ పిల్ల వేళ్ళతోనే నడిచేవి. ఇప్పుడు అక్కడ నలుగురు మగపిల్లలు పచ్చ క్రేనుతో ఆడుతున్నారు. మేస్త్రీ కాస్త దూరంగా నిలబడి చూస్తోంది. కొక్కెం జారిపోతుంటే ఆగలేక ఒక అడుగు ముందుకు వేసి, వేలు ఎత్తబోయింది.

వాళ్ళలో అందరికంటే చిన్నవాడు, పళ్ళూడిన బోసినోటివాడు, తల తిప్పి అన్నాడు. "పో, ఇది మగాళ్ళ పని! నువ్వెళ్ళి బొమ్మకి జడ వేసుకో!"

ఆ సాగదీయడం, ఆ విరుపు, చివర్లో ఆ పకపక, అంతా ఆమెదే. ఈ గొంతు కోసం మునివేళ్ళ మీద నిలబడి గడ్డం నొక్కుకుని తయారుచేసుకున్న ప్రతి వంపూ వాడికి కంఠతా వచ్చింది. మిగతావాళ్ళు కూడా అందుకుని నవ్వారు. మేస్త్రీకి జవాబు వచ్చు. కొక్కెం సంగతి, నెత్తి పగిలే సంగతి అన్నీ వచ్చు. కానీ ఏమీ అనలేదు. తలదించుకుంది. గడ్డం ఎంత వంచాలో అంతే వంచింది, ఏడుపు రాబోతున్నట్టు, తల్లి చేత్తో పట్టుకుని వంచి నేర్పినట్టే. తల్లి గేటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

ఇంటికి తీసుకొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "వాళ్ళు అట్లా అంటే నువ్వు ఊరుకుంటావా? నీకు నోరు లేదా?"

"వచ్చినా అనకూడదన్నావుగా."

"అది... అది ప్రకటన కోసం తల్లీ. ఉత్తుత్తి మాట."

"ఉత్తుత్తి మాటైతే టీవీలో ఎందుకు చెప్తారు?"

"బొమ్మలు అమ్ముకోవడానికి."

"మరి నువ్వు నిజంగా అన్నట్టే అన్నావుగా అమ్మా" అంది.

కొట్టినా బాగుండేది. నిజమే, నిజంగా అన్నట్టు అనడమే కదా ఆమె పని. దానికే కదా పిలిచేది. ఆ రాత్రి మొగుడికి చెప్పి గుండె బద్దలయ్యేలా ఏడ్చింది. ఆయన కోప్పడి ఉంటే కాస్త తేలికపడేదేమో. ఆయన కోప్పడలేదు. "నా పిల్లని మళ్ళీ నాకు తెచ్చివ్వవే" అన్నాడు, అంతే. ఆదివారం పిల్లని సైటుకి తీసుకెళ్ళాడు. పక్క సైటులో క్రేను నడిపే ఒకావిడతో మాట్లాడించాడు. ఆవిడ ఎంతో ముద్దుగా, "వస్తావా, పైకి తీసుకెళ్తా" అంది. పిల్ల మర్యాదగా "వద్దు ఆంటీ" అంది. తిరిగొచ్చేటప్పుడు తండ్రిని అడిగింది, ఆవిడ ఎందుకు టీవీలో రాలేదని.

సరిగ్గా అప్పుడే స్టూడియో నుంచి పిలుపొచ్చింది. బొమ్మ బ్రహ్మాండంగా అమ్ముడుపోతోందట, ఇంకా పెద్ద క్రేను చేశారట, రెండో ప్రకటన చేయాలట. ఆమె గుండెలో చిన్న ఆశ పుట్టింది. బతిమాలో బామాలో ఒక్క మాట మార్పించగలిగితే చాలు. టీవీ మాటకి టీవీలోనే జవాబు.

కాగితం చూసింది. మొదటిదే నయం. ఇందులో ఆడపిల్ల లీవరు ముట్టుకుంటే క్రేను కూలిపోతుంది. పిల్లాడు "చెప్పానా! ఇది మగాళ్ళ పని!" అంటాడు.

"ఒక్క ముక్క మారుద్దామండీ" అంది ఆమె ఏజెన్సీ ఆయనతో. "ఆ పిల్ల లీవరు లాగితే బరువు లేస్తుంది. పిల్లాడు 'భలే!' అంటాడు. అంతే. ఆ 'భలే' ఎంత బాగా అంటానో చూడండి."

ఆయన చెడ్డవాడేం కాదు, పాపం. కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, మెల్లగా చెప్పాడు. "మేడమ్, మేం బోలెడంత మంది పిల్లల్ని కూర్చోబెట్టి చూశాం. మగపిల్లాడు ఆడే బొమ్మని ఆడపిల్ల కూడా అడుగుతుంది. ఆడపిల్ల చెయ్యిపడిన బొమ్మని మగపిల్లాడు ముట్టుకోడు. ఎందుకు ముట్టుకోడు అంటే నేనేం చెప్పను? మేం నేర్పలేదు, వాళ్ళే అట్లా ఉన్నారు."

"ఎవరు నేర్పారో నేను చూశానండీ."

"మేడమ్?"

"నేను చెప్పను ఈ మాట. నా వల్ల కాదు."

ఆయన నొచ్చుకున్నాడు. "మీరు కాకపోతే ఇంకొకరు చెప్తారు మేడమ్. మీకంటే బాగా రాకపోవచ్చు, అంతే." అద్దం అవతల కూర్చున్న బాబాయ్ చెవులకి పెట్టుకున్నవి తీసేసి, "పోరా బుడ్డోడా, ఇంటికి పో" అన్నాడు. ఆ తర్వాత ఆ స్టూడియో నుంచి ఆమెకి పిలుపు రాలేదు. తెలిసే వద్దని వచ్చేసింది కాబట్టి దానికి ఆమె పెద్దగా బాధపడలేదు.

పైగా ఆ సాయంత్రం ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు. గుమ్మంలోనే కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది. "ఇంక ఆ మాట నేను అననే అనను. వాళ్ళు అనమంటే, అది అబద్ధం, నేను అనను పొండి అని వచ్చేశాను."

"నిజంగా అట్లాగే అన్నావా?"

"నిజంగానే."

"వాళ్ళు తిట్టలేదా?"

"తిడితే తిట్టనీ. మా మేస్త్రీ లీవరు పట్టుకుంటే బరువు లేస్తుందని చెప్పా."

పిల్ల తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. రెండ్రోజుల తర్వాత పెట్టెకున్న టేపు ఊడింది. క్రేను కాళ్ళు బిగిశాయి, తర్వాత నడుము, తర్వాత పొడుగు చెయ్యి. తండ్రి పనినుంచి వచ్చి గుమ్మంలో అలవాటుగా నిలబడ్డాడు, ఈసారి చేతులు చాచడానికి కూడా భయపడి. మేస్త్రీ అటు చూడకుండానే, బిగించే పని ఆపకుండానే, ఎడమచేతి వేలు పైకెత్తి చిన్నగా తిప్పింది. ఆయన బుస్సుమని చప్పుడు చేయడం కూడా మరిచి వంగాడు. పిల్లని ఎత్తుకుని దాని మెడలో మొహం దాచుకున్నాడు. తల్లి వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి తనివితీరా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. ఇల్లు మళ్ళీ ఇల్లయిందనుకున్నారు ఇద్దరూ. ఎంత పిచ్చివాళ్ళు!

నెల తిరగకుండానే ఒక సాయంత్రం పిల్ల నేల మీద బోర్లా పడుకుని క్రేనుకి తాడు కడుతోంది. టీవీ దాని మానాన అది మోగుతోంది. తల్లి పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతోంది. కార్టూను ఆగింది. ఇసక వచ్చింది. పెద్ద పచ్చ క్రేను వచ్చింది. తల్లి చెయ్యి రిమోటు కోసం వెతికింది, అది బట్టల కింద ఎక్కడో పడింది. ఆడపిల్ల లీవరు ముట్టుకుంది. క్రేను కూలింది.

"చెప్పానా! ఇది మగాళ్ళ పని!"

గొంతు వేరు. ఎవరో కొత్తావిడ. కాస్త ముక్కుతో మాట్లాడుతోంది, నవ్వు కూడా సరిగ్గా పండలేదు. బండగొంతు వచ్చి పోయింది. మళ్ళీ కార్టూను మొదలైంది.

పిల్ల తాడు కట్టడం ఆపింది. "అమ్మా, ఇది నువ్వు కాదు కదా?"

"కాదు తల్లీ, కాదు! చెప్పాగా, నేను మానేశానని. నేను కాదు." తల్లి ఆత్రంగా దగ్గరికి జరిగింది. ఆ ఒక్క మాటతో పిల్ల మనసు కుదుటపడుతుందని వెర్రి ఆశ.

పిల్ల తలూపింది. ఏడవలేదు, అలగలేదు. సందేహం తీరినవాళ్ళ మొహంలా ఉంది దాని మొహం.

"నువ్వొక్కదానివే ఊరికే అన్నావనుకున్నా" అంది. "వేరేవాళ్ళు కూడా అదే అంటున్నారు."

తల్లి నోరు తెరిచింది. ఎన్నో గొంతులు పలికిన నోరు, ఒక్కటీ రాలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు మాత్రం వచ్చాయి. అది చూసి పిల్ల కంగారుపడి, క్రేనుని అవతలికి నెట్టి, లేచి వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. వీపు మీద మెల్లగా తట్టింది.

"ఏడవకమ్మా. మళ్ళీ వెళ్ళి అడుగు, వాళ్ళు పిలుస్తారు" అంది. "ఆవిడకి సరిగ్గా రావట్లేదు. ఆ మాట నువ్వంటేనే బాగుంటుంది."